మళ్లీ కుంచె పట్టేవాళ్లకు కాట్‌మన్ 12 రంగుల పెట్టె ఎలా ఉంటుంది?

చిన్నప్పుడు ఇష్టంగా బొమ్మలు వేసి, చదువుల్లో ఉద్యోగాల్లో పడి వదిలేసి, ఏళ్ల తర్వాత మళ్లీ మొదలుపెట్టేవాళ్లు తరచుగా ఉత్సాహంకొద్దీ 36 రంగుల పెట్టో, 48 రంగుల పెట్టో కొనేస్తారు. అన్ని అక్కర్లేదు. రంగుల కంపెనీ విన్సర్ అండ్ న్యూటన్ వాళ్ల కాట్‌మన్ నీటిరంగుల శ్రేణిలో స్కెచర్స్ పాకెట్ బాక్స్ అని 12 హాఫ్ పాన్‌ల (చిన్న రంగుబిళ్లల) పెట్టె ఉంది. అది చాలు. మిగిలిన డబ్బు కాగితం మీద పెట్టండి.

కాట్‌మన్ విద్యార్థుల శ్రేణి. వృత్తి చిత్రకారుల కోసం చేసే ఆర్టిస్ట్ శ్రేణితో పోలిస్తే పిగ్మెంట్ (రంగునిచ్చే పొడి) తక్కువ. కొన్ని ఖరీదైన పిగ్మెంట్ల బదులు చవకవి వాడతారు. పేరు చివర ‘హ్యూ’ అని ఉంటే అదే గుర్తు: కాడ్మియం రెడ్ హ్యూలో కాడ్మియం ఉండదు. సాధనకు దీనివల్ల లోటేమీ రాదు. పిల్లల చవక రంగుబిళ్లలు ఎంత రుద్దినా పాలిపోయినట్టు పడతాయి. ఇవి అలా కాదు, పలచగా వేస్తే రంగు లోంచి కాగితం తెలుపు మెరుస్తుంది. మొదలుపెట్టే ముందు ఒక్కో పాన్‌పై రెండు చుక్కల నీళ్లు వేసి నిమిషం ఆగండి. రంగు మెత్తబడి కుంచెకు తేలిగ్గా అందుతుంది, కుంచె కొసా అరగదు.

ఈ పెట్టెలో అసలు బలం అల్ట్రామెరైన్ (నీలం), బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు) జంట. నీలం పాలు ఎక్కువైతే వానమబ్బు బూడిదరంగు, సియెన్నా ఎక్కువైతే తడిమట్టి రంగు, రెండూ చిక్కగా కలిపితే దాదాపు నలుపు. గరుకు కాగితం మీద అల్ట్రామెరైన్ రేణువులు గుంటల్లోకి దిగి, ఆరాక సన్నటి ఇసుక చల్లినట్టు కనిపిస్తాయి. చూడముచ్చటగా ఉంటుంది. ఊదారంగు కావాలంటే మాత్రం అల్ట్రామెరైన్‌లో నీలంవైపు మొగ్గే ఎరుపు, అలిజరిన్ క్రిమ్సన్ హ్యూ కలపాలి. కాడ్మియం రెడ్ హ్యూ కలిపితే బురదరంగు వస్తుంది, ఎందుకంటే ఆ ఎరుపు పసుపువైపు మొగ్గుతుంది. చైనీస్ వైట్ అనే తెల్లరంగును పక్కన పెట్టేయండి. నీటిరంగుల్లో తెలుపంటే రంగు వేయకుండా వదిలిన కాగితమే.

లోపాలు రెండు. పెట్టెతో వచ్చే కుంచె మరీ చిన్నది, ఆకాశం వేయబోతే సగంలోనే నీరు అయిపోయి చారలు పడతాయి. 8వ నంబరు రౌండ్ (గుండ్రటి, కొస సన్నగా ఉండే) సింథటిక్ కుంచె విడిగా కొనుక్కోండి. దాని లావుపాటి పిడి వేళ్లు బిగుసుకుపోయేవాళ్లకూ హాయిగా ఉంటుంది. మూతలో రంగు కలిపే చోటు ఇరుకు, పైగా కొత్త ప్లాస్టిక్ మీద రంగు చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. గిన్నెలు తోమే సబ్బుతో ఓసారి రుద్ది కడిగితే కుదురుకుంటుంది. తెల్ల పింగాణీ పళ్లెం అయితే ఇంకా మేలు.

ఇక కాగితం. చాలామంది ‘చెయ్యి తిరగడం లేదు’ అని నిరాశపడేది ఇక్కడే. తప్పు చేతిది కాదు. మామూలు డ్రాయింగ్ షీటు తడవగానే ఉబ్బి అలలుగా లేస్తుంది, నీళ్లు పల్లాల్లో నిలిచి, ఆరాక అంచులు గీతల్లా తేలతాయి. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న) కోల్డ్ ప్రెస్, అంటే కాస్త గరుకుగా ఉండే కాగితం తీసుకుని, నాలుగు పక్కలా టేపుతో అట్టకు బిగించండి. నూటికి నూరుపాళ్లు కాటన్ అయితే తడి ఎక్కువసేపు నిలుస్తుంది, అంచులు కలపడానికి వ్యవధి దొరుకుతుంది. ఖరీదు అనిపిస్తే పెద్ద షీటు కొని ముక్కలు చేసుకోండి. అరచేతి వెడల్పు ముక్కమీద కూడా బోలెడు నేర్చుకోవచ్చు.

సగం ఆరిన రంగు మీద నీళ్లకుంచె తగిలిస్తే కాలీఫ్లవర్ ఆకారంలో మరక పడుతుంది. కొత్తగా పెట్టిన నీళ్లు ఆరుతున్న రంగును అంచుకు తోసేయడమే కారణం. కాగితం మీద తడి మెరుపు పోయిందంటే ఇక ముట్టుకోకండి. పూర్తిగా ఆరనిచ్చి, తర్వాత రెండో పొర వేయండి. ఆరాక రంగు ఎటూ లేతబడుతుంది కాబట్టి తడిమీద కాస్త చిక్కగానే కనిపించాలి.

పని అయ్యాక మూత వెంటనే మూయకండి. పాన్‌లు తడిగా ఉండగా మూసేస్తే బూజు పడుతుంది.