బీప్ నమ్మి మోసపోయాక కొన్న కంటిన్యుటీ టెస్టర్: మూడేళ్ల తర్వాత

వైరు తెగకుండా ఉందా, దాని రెసిస్టెన్స్ ఎంత అని చూపే ఈ టెస్టర్‌లో నాకు బాగా నచ్చింది సున్నా చేసే బటన్. రెండు లీడ్ల (కొలిచే తీగల) కొసలు కలిపి నొక్కితే వాటి రెసిస్టెన్స్ తీసేసి, వైరుది మాత్రమే చూపిస్తుంది. ఇంటి ఎర్త్ వైరులో మనం చూసేది ఓమ్‌లో పదో వంతులు. లీడ్లే 0.3 ఓమ్ ఉంటే ఆ అంకెను ఏం నమ్ముతాం?

బెంగళూరు మారతహళ్లిలో మేం అద్దెకుండే పాత ఇంట్లో ఒక పొద్దున అమ్మ గీజర్ కుళాయి ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంది. ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపి మల్టీమీటర్ పెట్టి, 'బీప్ వస్తోంది కదా సార్, ఎర్త్ బాగానే ఉంది' అన్నాడు. నేనూ నమ్మాను. రెండు రోజులకు మళ్లీ అదే. ఆ టెన్షన్‌లోనే ఇది కొన్నాను. మెయిన్ ఆపి, గీజర్ ప్లగ్ తీసి, డీబీలోని (ఇంటి మెయిన్ స్విచ్‌ల పెట్టెలోని) ఎర్త్ బార్ నుంచి సాకెట్ పెద్ద రంధ్రం దాకా పొడుగు లీడుతో చూస్తే 28 ఓమ్‌లు! వైరు కదిలిస్తే అసలు రీడింగే లేదు. చాలా మల్టీమీటర్లు 30 ఓమ్‌ల లోపు ఏదున్నా బీప్ కొట్టేస్తాయి. కానీ 28 ఓమ్‌లుంటే, లైను గీజర్ బాడీకి తగిలినా 230 వోల్టులకు పారేది 8 ఆంప్స్. దానికి 16 ఆంప్స్ ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే ఆగిపోయే స్విచ్) పడదు. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్, అదే ఆర్‌సీసీబీ, మాకు అప్పుడు అది కూడా లేదు.

జంక్షన్ బాక్సు విప్పితే ఆకుపచ్చ వైర్లు ఊరికే మెలేసి టేపు చుట్టి ఉన్నాయి, రాగి నల్లబడింది. కనెక్టర్ వేసి బిగించాక 0.16 వచ్చింది. 20 మీటర్ల 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరుకు లెక్క ప్రకారం 0.15 రావాలి. కరెంటు లీకవుతున్న గీజర్ ఎలిమెంట్ మార్పించి, ఆర్‌సీసీబీ పెట్టించాకే అమ్మను గీజర్ వేయనిచ్చాను.

మొదటి ఏడాది 'అంకె బాగుంటే చాలు' అని అందరికీ చెప్పాను. ఇప్పుడు అలా చెప్పను. మా చెల్లి వాళ్లింట్లో గీజర్ కలిపి ఉండగానే కొలిస్తే 0.6 వచ్చింది. ప్లగ్ తీస్తే ఏమీ రాలేదు. ఎర్త్ వైరు తెగిపోయి ఉంది, ఇనుప నీళ్ల పైపుల గుండా వేరే దారి దొరికింది, అంతే. పైగా బయట ఎర్త్ వైరును నేలలోకి దింపే ఎర్త్ పిట్ ఎలా ఉందో ఇది చెప్పదు.

కొత్త వైరింగ్, ఆర్‌సీసీబీ ఉన్న సొంత ఫ్లాటు వాళ్లు ఇంత డబ్బు పెట్టాలా అంటే తేల్చి చెప్పలేను. మాది పాత అద్దె ఇల్లు, పొద్దున్నే తడి చేతులతో గీజర్ దగ్గరికి వెళ్లేది మా అమ్మ. అందుకే నేను మాత్రం దీన్ని వదులుకోను.