చిత్తూరులో శనివారం వాక్య ధ్యానం: వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చు, తప్పకుండా వెళ్ళండి. చిత్తూరులో ఒక చిన్న చర్చిలో శనివారం సాయంత్రం పెట్టే ఈ ధ్యానంలో స్పీకర్ల మోత ఉండదు, ఫీజు లేదు, నేల మీద చాపలు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు కుర్చీలు, అంతే.

బైబిల్లోని ఒక వాక్యభాగం మెల్లగా చదువుతారు, మళ్ళీ చదువుతారు, తర్వాత కళ్ళు మూసుకుని ఆ సంఘటనలో మనమూ ఉన్నట్టు ఊహించుకోమంటారు. లొయోలా కాలేజీల పేరు విన్నారుగా, 16వ శతాబ్దంలో ఆ ఇగ్నేషియస్ లొయోలా అనే క్రైస్తవ గురువు నేర్పిన ప్రార్థన పద్ధతి ఇది.

నేను వెళ్ళినప్పుడు చదివింది మార్కు సువార్త 4వ అధ్యాయం, యేసు, శిష్యులు దోనెలో గలిలయ సముద్రం దాటుతుంటే వచ్చిన తుపాను. గలిలయ సముద్రం నిజానికి మంచినీటి సరస్సు, సముద్రమట్టానికి 200 మీటర్లకు పైగా దిగువన, చుట్టూ కొండలు, అందుకే గాలి ఉన్నట్టుండి విరుచుకుపడుతుందని ముందే చెప్పడంతో అంతా కళ్ళకు కట్టింది. తడిసిన చెక్క వాసన, కాళ్ళ కింద నీళ్ళు, దోనె వెనక భాగంలో తలగడ మీద నిద్రపోతున్న యేసు. ఇంటి లోన్ టెన్షన్‌తో వెళ్ళిన నేను శిష్యులు అడిగిందే అడిగాను, మేము నశించిపోతుంటే నీకు చింత లేదా అని. జవాబు మాటల్లో రాలేదు, కానీ ఆయన కూడా అదే దోనెలో ఉన్నాడన్నది మనసులోకి దిగింది. ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టింది. లోన్ అలాగే ఉంది, భయం మాత్రం మునుపటిలా లేదు.

నచ్చనిది ఒక్కటే, చివర్లో అందరినీ వాళ్ళ అనుభవం చెప్పమంటారు, కొత్తవాళ్ళకు అది ఇబ్బంది, ఇష్టమున్నవాళ్ళనే అడిగితే బాగుంటుంది. బైబిల్ తెలియకపోయినా రావచ్చు. పలమనేరు వైపు వెళ్ళేవాళ్ళు బస్సు టైం చూసుకోండి, ఆలస్యంగా వదులుతారు.