ఏవ్‌బరీకి వెళ్లండి, రాత్రి బస మాత్రం వద్దు

గుంటూరు నుంచి అమ్మ ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో ఉంటున్న మా దగ్గరికి వచ్చినప్పుడు ఏవ్‌బరీ చూపించాలనుకున్నాను. వేల ఏళ్ల కిందట వలయంగా నిలబెట్టిన పెద్ద పెద్ద రాళ్లున్న ఊరది. ఒక్కరోజులో వెళ్లి వస్తే అలసిపోతుందని ముందురోజు సాయంత్రమే దగ్గర్లోని స్విండన్ పట్టణం చేరి హోటల్లో గది తీసుకున్నాం. అదే మేం చేసిన తప్పు.

ముగ్గురికి 118 పౌండ్లు, పొద్దున టిఫిన్‌తో కలిపి. రాత్రి పదింటికల్లా హీటర్ ఆగిపోయింది. కిందికెళ్లి ఇంకో దుప్పటి అడిగితే రిసెప్షన్‌లో అబ్బాయి ఫోన్‌లోంచి తలెత్తకుండానే గదికి రెండే ఇస్తామన్నాడు. ముగ్గురికీ డబ్బు కట్టామన్నా వినలేదు. అమ్మ స్వెటర్ మీద కోటు వేసుకుని, చెవులకు మఫ్లర్ చుట్టుకుని పడుకుంది. "నాకేం చలిలేదులే" అంటూనే తెల్లవార్లూ అటూ ఇటూ దొర్లింది. పొద్దున చూస్తే టిఫిన్ ఇద్దరికేనట! మూడో ప్లేటుకి 11 పౌండ్లు కట్టమన్నారు. బుకింగ్ మెయిల్ చూపించి నేను వాదిస్తుంటే, "గొడవెందుకు, బస్సు పోతుంది" అని మా ఆయన కట్టేశారు. ఆ ప్లేటులో శాకాహారి అయిన అమ్మ తిన్నది రెండు టోస్టులు.

స్విండన్ నుంచి 49 నంబరు బస్సు, మేం వెళ్లినప్పుడు మనిషికి 3 పౌండ్లు. ఏవ్‌బరీ ఊళ్లోనే దింపుతుంది. ఊరు కొంత రాళ్ల వలయం లోపలే ఉంది.

చుట్టూ పెద్ద మట్టికట్ట, దాని లోపలి వైపు కందకం. కోట అయితే కందకం బయట ఉండాలి కదా, అందుకే ఇది రక్షణ కోసం తవ్వింది కాదంటారు. సుమారు 4,500 ఏళ్ల కిందట జింక కొమ్ములతో సుద్దనేలను 9 మీటర్ల లోతుకి తవ్వారు. ఇప్పుడు చాలావరకు పూడిపోయినా, కట్ట మీద నిలబడి కిందికి చూస్తే నాకు కాళ్లు జిల్లుమన్నాయి.

ఇలాంటిదే ఇంకో పేరున్న రాళ్ల వలయం స్టోన్‌హెంజ్‌లో టికెట్ కొని దూరం నుంచే చూసి వచ్చాం. ఇక్కడ టికెట్ లేదు, రాళ్ల మధ్యే తిరగొచ్చు. అమ్మ ఒక రాయికి అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది. గరుకు రాయి, మీద పసుపురంగు మచ్చలు, ఎండ పడుతున్న వైపు గోరువెచ్చగా ఉంది. "రాత్రి గదికన్నా ఇదే నయమే" అంది.

అక్కడి నుంచి పొలాల దారిన నడిచాం. దారిలో సిల్‌బరీ దిబ్బ, 30 మీటర్లకు పైగా ఎత్తు, మనుషులే పోసింది. ఎక్కనివ్వరు. "మన భట్టిప్రోలు స్తూపంలా లోపల ఏమైనా దాచారా?" అని అమ్మ అడిగింది. ఎన్నిసార్లు తవ్వినా లోపల సమాధి దొరకలేదని చెప్తే నమ్మలేదు.

చివరికి వెస్ట్ కెనెట్. క్రీ.పూ. 3650 ప్రాంతంలో కట్టిన సమాధి, 100 మీటర్ల పొడవు. లోపల ఐదు రాతి గదులు. కనీసం 36 మంది ఎముకలు దొరికాయి, పసిపిల్లలవి కూడా. మేం లోపలికి వెళ్లబోతుంటే అమ్మ ఆగి బూట్లు విప్పేసింది. మట్టి తడిగా ఉందన్నా వినలేదు. "పెద్దవాళ్లని పడుకోబెట్టిన చోటమ్మా" అంది. మేమూ విప్పాం.

మీరు వెళితే పొద్దున్నే రైల్లో స్విండన్ వెళ్లి సాయంత్రానికి ఇంటికి వచ్చేయండి, హాయిగా సరిపోతుంది. వెస్ట్ కెనెట్ దగ్గర టాయిలెట్ లేదు, పెద్దవాళ్లుంటే ఏవ్‌బరీలోనే చూసుకోండి.

ఆ 11 పౌండ్ల కోసం ఇప్పటికి రెండు మెయిళ్లు పెట్టాను, జవాబు లేదు. మూడోది ఈ రోజు పెడుతున్నాను.