సీమ్యాప్‌టూల్స్ ఏడాది వాడాక: తెలుగులో సైన్స్ చెప్పే టీచర్ రివ్యూ

మాది జిల్లా పరిషత్ హైస్కూల్, నేను బయాలజీ చెప్తాను. పోయిన జూన్ నుంచి పదో తరగతి పిల్లలతో సీమ్యాప్‌టూల్స్ వాడిస్తున్నాను. కాన్సెప్ట్ మ్యాప్‌లు, అంటే పదాల్ని పెట్టెల్లో రాసి వాటి మధ్య సంబంధాల్ని గీతలతో చూపించే పటాలు, గీసుకునే సాఫ్ట్‌వేర్ ఇది, పూర్తిగా ఫ్రీ, అమెరికాలో ఫ్లోరిడాలో ఉన్న ఐహెచ్ఎంసీ అనే పరిశోధన సంస్థ తయారుచేసింది. ఏడాది వాడాక నా రేటింగ్ ఐదుకి నాలుగు. ఆ తగ్గిన ఒకటి ఎందుకో కింద చెప్తాను, అది సాఫ్ట్‌వేర్ తప్పు కూడా కాదు, మన భాష వాక్యం నడిచే తీరుకి సంబంధించింది, తెలుగులో చెప్పే టీచర్లకి అదే ముఖ్యం కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా.

ముందు జూలైలో జరిగింది చెప్పాలి. కిరణజన్య సంయోగక్రియ పాఠం అయిపోయింది, స్లిప్ టెస్ట్ పెట్టాను, ఒక అమ్మాయి నిర్వచనం, సమీకరణం, పటం అన్నీ తప్పు లేకుండా రాసింది, 20కి 19 వేశాను. మర్నాడు అదే అమ్మాయి మ్యాప్ గీస్తే అందులో 'శ్వాసక్రియ' అనే పెట్టెని 'రాత్రి' అనే పెట్టెకి కలిపింది, 'పగలు' వైపు ఒక్క గీత కూడా లేదు. పక్కనే 'వేర్లు' నుంచి గీత, దాని మీద 'మట్టిలోంచి తెచ్చేది', చివర 'ఆహారం'. ఏమ్మా, మొక్క పగలు శ్వాసించదా అని అడిగితే "పగలు ఆహారం తయారుచేసుకుంటుంది కదా టీచర్, రాత్రికి శ్వాసిస్తుంది" అంది చాలా నమ్మకంగా. ఎవరు చెప్పారు అంటే వాళ్ళ నానమ్మ, రాత్రిపూట చింతచెట్టు కింద పడుకోవద్దు, చెట్టు చెడ్డగాలి వదులుతుంది అని. క్లాసంతా చూస్తే సగం మందికి పైగా అదే గీసి ఉన్నారు!

మొక్క 24 గంటలూ శ్వాసిస్తుంది, పగలు కిరణజన్య సంయోగక్రియలో తయారయ్యే ఆక్సిజన్ శ్వాసక్రియకి వాడుకునేదానికంటే ఎక్కువ ఉంటుంది కాబట్టి మిగిలింది బయటికి వస్తుంది, ఇంతే విషయం. నేను ఇది క్లాసులో రెండుసార్లు చెప్పాను. పిల్లలు విన్నారు, పరీక్షలో రాశారు, లోపల చింతచెట్టు మాత్రం అలాగే ఉంది. 19 మార్కులు వేసిన పేపర్లో నాకు కనపడనిది ఆ మ్యాప్‌లో కనపడింది. ఆ రోజు నాకు నిజంగా బాధేసింది, ఇన్నేళ్ళూ ఎంతమంది పిల్లల్ని ఇలా ఫుల్ మార్కులు వేసి పంపించేశానో అని.

అసలు కాన్సెప్ట్ మ్యాప్ పుట్టిందే ఇలాంటి చోట. కార్నెల్ యూనివర్సిటీలో జోసెఫ్ నోవాక్ బృందం చిన్నపిల్లలకి సైన్స్ పాఠాలు చెప్పి, వాళ్ళ ఆలోచన ఎలా మారుతుందో 12 ఏళ్ళ పాటు ఇంటర్వ్యూలు చేస్తూ గమనించింది. పిల్లల మాటలు పేజీలు పేజీలు, చదివితే ఏ పిల్లకి ఏం అర్థమైందో తేలట్లేదు. అప్పుడు 1972లో ఆ మాటల్ని పెట్టెలూ గీతలూగా మార్చి చూసుకోవడం మొదలుపెట్టారు, అదే కాన్సెప్ట్ మ్యాప్. దాని వెనకున్నది డేవిడ్ ఆసుబెల్ అనే మనస్తత్వవేత్త సిద్ధాంతం, పిల్లకి ముందే ఏం తెలుసో అదే నేర్చుకోవడంలో అన్నిటికంటే పెద్ద విషయం, అది కనుక్కుని దాన్నిబట్టి చెప్పమంటాడు. బీఈడీలో ఈ పేర్లు మనం అందరం బట్టీపట్టి రాసినవే, చింతచెట్టు చూశాకే నాకు ఎక్కింది.

చాలామంది దీన్ని మైండ్ మ్యాప్ అనుకుంటున్నారు, కాదు. మైండ్ మ్యాప్‌లో మధ్యలో ఒక మాట రాసి చుట్టూ కొమ్మలు గీస్తాం, గీత మీద ఏమీ రాయకపోయినా నడుస్తుంది. కాన్సెప్ట్ మ్యాప్‌లో గీత మీద మాట రాయాల్సిందే, పెట్టె, గీత మీద మాట, ఇంకో పెట్టె, మూడూ కలిపి చదివితే ఒక పూర్తి వాక్యం రావాలి. సీమ్యాప్‌టూల్స్‌లో నాకు బాగా నచ్చింది కూడా ఇదే. ఖాళీ చోట డబుల్ క్లిక్ చేస్తే పెట్టె వస్తుంది, పెట్టె మీదున్న బాణం గుర్తు పట్టుకుని లాగితే గీత వస్తుంది, ఆ గీత మధ్యలో ???? అని నాలుగు ప్రశ్న గుర్తులు ఉంటాయి, పిల్లలు అక్కడ ఏదో ఒకటి రాసేదాకా అవి అలాగే కనపడుతూ ఉంటాయి. పుస్తకంలో గీస్తే గీత గీసి వదిలేసే పిల్లలు ఇక్కడ వదల్లేరు. "టీచర్ ఇక్కడ ఏం రాయాలి" అని అడుగుతారు చూడండి, పాఠం అక్కడ మొదలవుతుంది.

ఇప్పుడు తెలుగు సంగతి. ఇంగ్లీషులో 'లీఫ్ కంటైన్స్ క్లోరోఫిల్' అంటే పెట్టె, గీత, పెట్టె వరసలో చక్కగా కూర్చుంటుంది, ఎందుకంటే వాళ్ళ క్రియ మధ్యలో వస్తుంది. మన క్రియ చివర్లో వస్తుంది, 'ఆకు పత్రహరితాన్ని కలిగి ఉంటుంది'. దీన్ని మ్యాప్‌లో పెడితే 'ఆకు, కలిగి ఉంటుంది, పత్రహరితం' అని అవుతుంది, ఇది తెలుగే కాదు. మొదటి రెండు వారాలు పిల్లలు ఇలాంటివే రాశారు, చదివి వినిపించమంటే వాళ్ళకే నోరు తిరగలేదు, కొంతమంది విసుగొచ్చి గీత మీద 'ఉంది' అని రాసి వదిలేశారు. పిల్లలకి రాదేమో అనుకున్నా కానీ తప్పు వాళ్ళది కాదు, నేను చూపించిన ఉదాహరణలన్నీ ఇంగ్లీషు మ్యాప్‌ల నుంచి మక్కీకి మక్కీ తెచ్చినవి.

దారి మళ్ళీ పిల్లల దగ్గరే దొరికింది. ఒక అబ్బాయి 'ఆకులో ఉండేది' అని రాశాడు, చదివితే 'ఆకులో ఉండేది పత్రహరితం', ఎంత బాగుంది! ఇంట్లో మనం మాట్లాడేది ఇలాగే కదా, నాకు కావాల్సింది నీళ్ళు, వాడు అడిగింది డబ్బులు అంటాం. అప్పటినుంచి గీత మీద మాట '-ది' తోనో '-వి' తోనో ముగియాలి అని ఒకటే రూల్ పెట్టాను. పత్రహరితం, గ్రహించేది, కాంతి. మొక్క, గాల్లోంచి తీసుకునేది, కార్బన్ డై ఆక్సైడ్. కిరణజన్య సంయోగక్రియ, జరిగేది, హరితరేణువులో. ఆఖరిదాంట్లో పెట్టెలో 'లో' కలపాల్సి వచ్చింది, అది నాకూ నచ్చలేదు, 'జరిగే చోటు' అని మారిస్తే 'హరితరేణువు' విడిగా నిలబడింది. అన్నిటికీ ఈ పద్ధతి కుదరదు, 'వల్ల', 'కోసం', 'కంటే' వచ్చే సంబంధాల దగ్గర ఇంకా తంటాలు పడుతున్నాం, నేను తగ్గించిన ఒక్క స్టార్ ఇందుకే. మొదటిసారి వాడేవాళ్ళు పిల్లల్ని కూర్చోబెట్టేముందు ఒక పది లింక్ మాటలు తెలుగులో మీరే రాసుకుని బోర్డు మీద పెట్టండి, నేను పోగొట్టుకున్న రెండు వారాలు మీకు మిగుల్తాయి.

మార్కుల విషయానికి వస్తే, ఈ సాఫ్ట్‌వేర్ తనంతట తాను మార్కులు వేయదు. 1984లో నోవాక్, కార్నెల్‌లో ఆయన సహోద్యోగి గోవిన్ కలిసి ఇచ్చిన పద్ధతి ఒకటుంది, సరైన ప్రతి వాక్యానికి 1, పైనుంచి కిందికి సరైన ప్రతి అంతస్తుకి 5, మ్యాప్‌లో దూరంగా ఉన్న రెండు భాగాల్ని అర్థవంతంగా కలిపే అడ్డగీతకి 10, ఉదాహరణకి 1. నేను ఒక టర్మ్ ఇలాగే వేశాను. అడ్డగీతకి పది అనేసరికి పిల్లలు దొరికిన ప్రతిదాన్నీ ప్రతిదానికీ కలపడం మొదలుపెట్టారు, మ్యాప్ సాలెగూడు అయిపోయింది. రెండో టర్మ్ నుంచి మార్కులు తీసేశాను. వాక్యాలు ఒక్కొక్కటీ గట్టిగా చదివించి కరెక్టా, సగం కరెక్టా, తప్పా అని మూడు రంగుల్లో గుర్తు పెట్టుకుంటున్నాను, తర్వాతి క్లాసు ఆ తప్పు రంగు వాక్యాల మీదే నడుస్తుంది. ఇలాగైతే పిల్లలు భయపడకుండా తెలిసింది తెలిసినట్టు గీస్తున్నారు, మార్కులుంటే మళ్ళీ పుస్తకంలో వాక్యాలే ఎక్కిస్తారు.

మనం ముందే గీసిపెట్టిన మాస్టర్ మ్యాప్‌తో పిల్లల మ్యాప్‌ని పోల్చి చూపించే ఆప్షన్ ఉంది, కలిసినవి తేలిగ్గా కనపడతాయి, కానీ మనం 'పత్రహరితం' రాసి పిల్ల 'క్లోరోఫిల్' రాస్తే అది పనికి రాదు కాబట్టి పదాలు ముందే ఇచ్చినప్పుడే వాడండి. నాకు దానికంటే సీమ్యాప్ రికార్డర్ చాలా ఉపయోగపడింది, పిల్ల ఏ పెట్టె ముందు పెట్టింది, ఏ గీత చెరిపింది, ఎక్కడ మనసు మార్చుకుంది అంతా వరసగా మళ్ళీ చూడొచ్చు. పూర్తయిన మ్యాప్‌లో కనపడని తడబాటు అక్కడ కనపడుతుంది.

ల్యాబ్ సంగతి చెప్పాలంటే మాకు పనిచేసేవి ఆరు కంప్యూటర్లు, అందుకే ముందు చీటీల మీద పదాలు రాయించి బెంచీ మీద అటూ ఇటూ జరిపిస్తాను, ముగ్గురు ముగ్గురు ఒక గ్రూపు, తర్వాతే కంప్యూటర్. 15 నుంచి 20 పదాలు చాలు, అంతకు మించితే ఒక పీరియడ్‌లో అవ్వదు. మ్యాప్‌కి పైన ఒక ప్రశ్న తప్పకుండా రాయించండి, 'కిరణజన్య సంయోగక్రియ' అని టాపిక్ ఇస్తే నిర్వచనాలు వస్తాయి, 'మొక్క బరువు ఎక్కడినుంచి వస్తుంది?' అని అడిగితే ఆలోచనలు వస్తాయి. కరెంటు పోతుంది కాబట్టి ఐదు నిమిషాలకోసారి సేవ్. కంప్యూటర్ అస్సలు లేకపోయినా చీటీలూ దారంతో సగం పని అవుతుంది, రికార్డర్ ఒక్కటే ఉండదు.

ఆ అమ్మాయి శ్వాసక్రియ పాఠం అయ్యాక డిసెంబర్‌లో పాత ఫైల్ తెరిచి తనే మార్చింది. 'శ్వాసక్రియ, జరిగేది, పగలూ రాత్రీ' అని రాసి, కిరణజన్య సంయోగక్రియ వైపున్న గ్లూకోజ్ నుంచి మైటోకాండ్రియా దాకా ఒక అడ్డగీత లాగింది. నానమ్మకి చెప్పావా అంటే, చెప్పాను టీచర్, అయినా పడుకోవద్దనే అంటోంది అంది.

సోషల్, తెలుగు చెప్పే టీచర్లు ఎవరైనా దీన్ని వాడుతుంటే మీరు గీతల మీద ఏ మాటలు రాయిస్తున్నారో కింద రాయండి, 'వల్ల'కి నాకింకా మంచి రూపం దొరకలేదు.