షిమానో బీబీ-యూఎన్300: ఉప్పుగాలిలో ఒక వానాకాలం

విశాఖ బీచ్ రోడ్డులో సైకిల్ తొక్కేవారు ఈ బాటమ్ బ్రాకెట్, అంటే పెడళ్ళ మధ్య ఫ్రేములో తిరిగే ఇరుసు, దాని బేరింగులు, నిరభ్యంతరంగా కొనుక్కోవచ్చు. ఒక వానాకాలమంతా ఆర్.కె. బీచ్ నుంచి భీమిలి వైపు తొక్కి చూసిన తర్వాతే చెబుతున్నాను. అయితే డబ్బాలో వచ్చే సరుకు ఎంత మంచిదైనా, బిగించే తీరు సరిగా లేకపోతే నెల తిరగకుండానే మూలుగుతుంది. అందుకని సరుకు గురించి కొంచెం, బిగింపు గురించి ఎక్కువ రాస్తాను.

నాది అల్యూమినియం ఫ్రేము, ముందు మూడు పళ్ళచక్రాలున్న హైబ్రిడ్ సైకిల్. కొన్నప్పుడు దాంట్లో ఉన్న బ్రాకెట్ మీద ఏ పేరూ లేదు. రెండో వానాకాలానికే అది అరిగిపోయింది. అరిగిందని తెలుసుకోవడం సులువే. పెడళ్ళు తగిలించే రెండు చేతులను, అంటే క్రాంకులను, పట్టుకుని ఫ్రేము వైపు నొక్కి, బయటికి లాగి చూడండి. రెండూ కలిసి ఊగితే బేరింగులు పోయినట్టు. ఒక్కటే ఊగితే ఆ క్రాంకు ఇరుసు మీద వదులైందని అర్థం, బ్రాకెట్‌కు డబ్బు తగలేయక్కర్లేదు.

మా నాన్నగారి అట్లాస్ సైకిల్‌కు ఈ బాధ లేదు. కాటర్ పిన్ను కొట్టి క్రాంకు తీసి, కప్పులు విప్పి, అటు పదకొండు ఇటు పదకొండు ఉక్కు బాల్స్ కిరోసిన్లో కడిగి, అరిగినవి మార్చి, గ్రీజు పెట్టి బిగిస్తే మళ్ళీ కొత్తదే. చేతిఖర్చుతో పోయే పని. యూఎన్300 లాంటి కార్ట్రిజ్‌లో విప్పడానికి ఏమీ లేదు. బేరింగులు, ఇరుసు, సీళ్ళు అన్నీ ఒకే గొట్టంలో మూసేసి ఉంటాయి. పోతే మొత్తం పారేయాల్సిందే. ఈ పద్ధతి నాకు నచ్చదు. అయినా సముద్రపు తేమ, వాన బురద కలిసి తెరిచిన కప్పుల్లోకి ఎంత చొరబడతాయో చూసినదాన్ని కాబట్టి, మూసిన గొట్టానికే ఓటు వేశాను.

కొనేముందు కొలతలు తప్పనిసరి. ఫ్రేములో బ్రాకెట్ దూరే గూటి వెడల్పు నాది 68 మిల్లీమీటర్లు, మన దగ్గర దొరికే హైబ్రిడ్లలో ఎక్కువగా ఉండేది అదే. ఇరుసు పొడవు పాతదాన్ని బయటికి తీసి వెర్నియర్‌తో కొలిస్తే 122.5 వచ్చింది. ఇదే రకంలో 110, 113 లాంటి పొట్టివీ ఉన్నాయి. పొట్టిది వేస్తే లోపలి పళ్ళచక్రం ఫ్రేముకు రాసుకుంటుంది, పొడుగుది వేస్తే గొలుసు వంకరగా నడుస్తుంది. కొన్ని దుకాణాల్లో "ఏదైనా సరిపోతుంది మేడం" అంటారు. సరిపోదు.

విప్పడం దగ్గరే అసలు కుస్తీ. ముందు ఎనిమిది మిల్లీమీటర్ల అలెన్ కీతో క్రాంకు బోల్టులు తీయాలి, తర్వాత పుల్లర్ బిగించి క్రాంకులు లాగాలి. పుల్లర్ మరలు పూర్తిగా లోపలికి దిగకుండా తిప్పితే మెత్తటి అల్యూమినియం క్రాంకులో మరలు చెక్కుకుపోతాయి, ఇక ఆ క్రాంకు రాదు. ఆపైన బ్రాకెట్‌ను ఫ్రేములో పట్టి ఉంచే మరల కప్పులు విప్పడానికి ఇరవై గాళ్ళ సాకెట్ కావాలి. అది జారకుండా ఒక బోల్టు, వాషరు వేసి ఇరుసుకే బిగించి పట్టమని మా వీధి చివరి మెకానిక్ చెప్పాడు. ఈ ఒక్క చిట్కాకే అతనికి టీ బాకీ పడ్డాను.

కుడివైపు, అంటే గొలుసు వైపు, మరలు ఎదురు తిరుగుతాయి. విప్పాలంటే గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పాలి. ఎందుకిలా అని తరగతిలో నా విద్యార్థులు అడిగితే నాకు పండగే. పెడల్ తొక్కుతుంటే ఇరుసు సవ్యదిశలో తిరుగుతుంది కదా, రాపిడికి కప్పు కూడా అటే తిరిగి విప్పుకోవాలి అనిపిస్తుంది. కానీ తన రంధ్రం కంటే వెంట్రుకవాసి చిన్నదైన కప్పు, భారం చుట్టూ మారుతున్న కొద్దీ రంధ్రపు గోడ వెంట దొర్లుతూ వ్యతిరేక దిశలో తిరుగుతుంది. పిడికిట్లో పెన్సిల్‌ను వదులుగా పట్టుకుని దాని కొనను గుండ్రంగా తిప్పి చూడండి, మీకే తెలుస్తుంది. ఇటాలియన్ పద్ధతి ఫ్రేముల్లో రెండువైపులా మామూలు మరలే ఉంటాయి, అందుకే వాటి కుడి కప్పు వదులవుతుందన్న ఫిర్యాదు పాతది.

నా ఫ్రేములోంచి కప్పుతో పాటు తెల్లటి పొడి రాలింది. ఉక్కు, అల్యూమినియం, మధ్యలో ఉప్పునీరు: ప్రయోగశాలలో మేము కట్టే విద్యుత్ ఘటమే, తినేది అల్యూమినియాన్ని. కాబట్టి కొత్తది బిగించేముందు గుడ్డతో మరలు శుభ్రంగా తుడిచి, గ్రీజు ధారాళంగా పూయాలి. ముందు కుడివైపు నుంచి గొట్టాన్ని చేత్తోనే దించాలి. చేత్తో దిగకపోతే మర తప్పినట్టే, బలప్రయోగం చేయకూడదు. తర్వాత ఎడమ కప్పు. రెండింటికీ బిగింపు 50 నుంచి 70 న్యూటన్ మీటర్లు. అరచేయి ఎర్రబడేంత బిగింపు అది. క్రాంకు బోల్టులకు 35 నుంచి 50. బిగింపును కొలిచే టార్క్ రెంచి మీ దగ్గర లేకపోతే, అది ఉన్న మెకానిక్ దగ్గరికి వెళ్ళండి, "గట్టిగానే పట్టించాను" అనే మాటకు కొలత లేదు. నలుపలకల ఇరుసు మీద గ్రీజు రాయాలా వద్దా అని మెకానిక్కులు ఎప్పటినుంచో తగువులాడుకుంటున్నారు. నేను పలుచగా రాస్తాను, తుప్పు భయంతో.

కొత్త ఇరుసును వేళ్ళతో తిప్పితే బరువుగా, అంటుకున్నట్టుగా తిరుగుతుంది. సరుకు పాడని చాలామంది అప్పుడే వెనక్కి పంపేస్తారు. అది సీళ్ళ రబ్బరు అంచుల రాపిడి, లోపలి చిక్కటి గ్రీజు. కొంతకాలం తొక్కితే తేలికపడుతుంది, నాకూ అలాగే అయింది. తొక్కేటప్పుడు కాళ్ళకు ఆ తేడా మొదటిరోజు కూడా తెలియలేదు. ఈ మొదటి రోజుల్లో పట్టించుకోవాల్సింది క్రాంకు బోల్టులనే. అంచులు ఏటవాలుగా ఉన్న ఇరుసు మీద క్రాంకు మొదటి పొడుగు ప్రయాణంలో సర్దుకుని కూర్చుంటుంది, బోల్టు కాస్త వదులవుతుంది. ఇంటికి రాగానే అదే టార్క్‌కు సరిచూడాలి, అవసరమైతే మరోసారి. అంతటితో ఆపాలి. చప్పుడైన ప్రతిసారీ బిగిస్తూ పోతే క్రాంకు ఇరుసు మీద ఇంకా ఇంకా ఎక్కి చివరికి చీలుతుంది. వదులు క్రాంకుతో తొక్కడం కూడా అంతే ప్రమాదం, నలుచదరపు రంధ్రం గుండ్రమైపోతుంది.

రుషికొండ ఎత్తు ఎక్కుతుంటే మధ్యలో నాకూ చప్పుడు వినిపించింది. పెడళ్ళు విప్పి మరలకు గ్రీజు రాసి బిగించగానే పోయింది. బ్రాకెట్ దగ్గర వినిపించే చప్పుడంతా బ్రాకెట్‌ది కాదు. పళ్ళచక్రాల బోల్టులు, సీటు గొట్టం కూడా అక్కడినుంచే వస్తున్నట్టు పలుకుతాయి.

వానలు తగ్గాక క్రాంకులు పట్టుకుని ఊపి చూశాను, కదలిక లేదు. ఇందులో ఫ్రేముకూ పాత్ర ఉంది. సీటు గొట్టంలోంచి దిగిన నీరు పోవడానికి బ్రాకెట్ గూటి అడుగున సన్నటి రంధ్రం ఉంటుంది. నాది బురదతో పూడిపోయి ఉంటే పిన్నీసుతో తెరిచాను. ధర వెయ్యి పైచిలుకు. బరువు లెక్కలు చూసుకునే రేసు సైకిళ్ళవారికి ఇది పనికిరాదు, వాళ్ళకు బయటి బేరింగుల రకం ఉంది. కాలేజీకి, బజారుకు, ఆదివారం భీమిలికి వెళ్ళేవారు కొనేటప్పుడు పాతది వెంట తీసుకెళ్ళండి, ఇరుసు పొడవు దుకాణంలోనే పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.