పాఠకుల ఉత్తరాలు కోసేసి ‘పూర్తి సెట్టు’ అని అమ్ముతున్నారు, జాగ్రత్త!

దయచేసి ఇది చదివాకే ఆయనకు డబ్బు పంపండి. తిరుపతిలో పాత ఇంగ్లీషు పత్రికల నకళ్లు బైండు చేయించి అమ్మే ఆయన మనలో చాలామందికి తెలుసు, పేరు రాయనక్కరలేదు. ‘ది ఫాంటసీ ఫాన్’ అనే పాత అమెరికా పత్రిక 18 సంచికలూ ఉన్నాయన్నారు. ‘అట్ట నుంచి అట్ట దాకా పూర్తి సెట్టు మేడమ్’ అని వాట్సాప్‌లో రాసి మరీ పంపారు. 2,800 రూపాయలు ముందే కట్టాను. నిన్న పార్సిలు వచ్చింది. పాఠకుల ఉత్తరాలు ఒక్కటీ లేవు.

కథలు వేరే సంకలనాల్లోనైనా దొరుకుతాయి. ఆ పత్రికకు ప్రాణం ఉత్తరాలే. 1933 సెప్టెంబరులో న్యూజెర్సీలో చార్లెస్ హార్నిగ్ అనే 17 ఏళ్ల కుర్రాడు మొదలుపెట్టి, 1935 ఫిబ్రవరి దాకా నడిపిన చిన్న పత్రిక అది. రాసినవాళ్లకు పారితోషికం కూడా ఇవ్వలేని స్థితి. అయినా మొదటి సంచికలోనే ‘బాయిలింగ్ పాయింట్’ అనే శీర్షిక పెట్టి పాఠకులను వాదనకు పిలిచాడు. ఫారెస్ట్ ఎకర్మన్ అనే 16 ఏళ్ల పాఠకుడు రచయిత క్లార్క్ ఆష్టన్ స్మిత్ మరో పత్రికలో రాసిన కథ ఒకటి పట్టుకుని, ఇంత భయానకమైన కథకు సైన్సు కథల పత్రికలో చోటేమిటని విరుచుకుపడ్డాడు. భయానక కథలు రాసే లవ్‌క్రాఫ్ట్ ఊరుకోలేదు, గట్టిగా తిప్పికొట్టారు. స్మిత్ స్వయంగా బదులిచ్చారు. బార్లో అనే 15 ఏళ్ల పాఠకుడు కూడా కలం పట్టాడు. పేరున్న రచయితా బడికి వెళ్లే పిల్లవాడూ ఒకే పేజీలో సమానంగా తగువులాడుకున్న చోటు అది. నేను డబ్బు కట్టింది దానికోసం.

బైండులో పేజీల అంకెలు మధ్యమధ్య ఎగిరిపోతున్నాయి. కుట్టు దగ్గర బ్లేడుతో కోసిన అంచులు వేలికి తగులుతున్నాయి. ఒక చోట కథ ముగింపు వెనుక ఉత్తరం పడినట్టుంది, ఆ పేజీ కోయలేక దానిమీద తెల్లకాగితం అతికించారు. దీపానికి ఎదురుగా పట్టుకుంటే కింద అక్షరాలు మసకగా కనిపిస్తున్నాయి, చదవడానికి మాత్రం రావు. చూస్తుంటే కడుపు రగిలిపోయింది.

ఫోను చేశాను. ఆయన మాట తడబడలేదు. ‘ఉత్తరాలు ఏం చేసుకుంటారు మేడమ్? కథలన్నీ ఉన్నాయి కదా. ఊరూ పేరూ లేనివాళ్లు రాసిన సోది అది. తీసేస్తే బరువు తగ్గింది, కొరియర్ ఖర్చు మీకే కలిసొచ్చింది’ అన్నారు. పాఠకుల మాట సోది అని ఒక పాఠకురాలి ముఖం మీదే చెప్పారు! డబ్బు వెనక్కి ఇవ్వమంటే ‘బైండు విప్పిన సరుకు తీసుకోను’ అన్నారు. విప్పింది నేను కాదు, కోసింది ఆయన.

వారపత్రికల్లో సీరియళ్లు చింపి బైండు చేయించుకోవడం మన ఇళ్లలో ఉన్నదే. మా అమ్మ కూడా చేసేది. ఎవరి పత్రిక వాళ్లిష్టం. కానీ పూర్తి సెట్టని చెప్పి, డబ్బు తీసుకుని, లోపల కోసి ఇవ్వడం మోసం. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. ఆయన రాసిన వాట్సాప్ మాట, కోసిన అంచుల ఫొటోలు దాచి ఉంచాను.

కొనేవాళ్లు ముందుగా ప్రతి సంచికా పేజీ పేజీ తిప్పుతూ తీసిన వీడియో అడగండి. ఈ పత్రిక సంచికలు కొన్ని ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే పాత పుస్తకాల వెబ్‌సైటులో ఉచితంగానే ఉన్నాయి, వాటితో సరిపోల్చండి. రచయిత రాబర్ట్ హోవర్డ్ కథ ఉన్న 1934 మార్చి సంచిక కోసం ఆయనకే అడ్వాన్సు ఇచ్చానని చెప్పిన చిత్తూరు తమ్ముడూ, మిగతా డబ్బు పంపకు. ముందు నాకు ఫోను చెయ్యి.