సరళరేఖలకి డెస్మోస్: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ మోసం చేస్తుంది

ఇంటర్ ఫస్టియర్ లెక్కల్లో వాలు-అంతరఖండ రూపాన్ని (వై = ఎంఎక్స్ + సి; ఎం వాలు, సి వై-అంతరఖండం) బట్టీ పట్టి, అందులో ఎం అంటే ఏమిటో చెప్పమంటే తడబడే పిల్లలకి డెస్మోస్ గ్రాఫింగ్ కాలిక్యులేటర్ మంచి మందు. ఉచితం, బ్రౌజర్లో తెరిస్తే లాగిన్ కూడా అడగదు. అమెరికా కాలేజీల ప్రవేశానికి రాసే డిజిటల్ శాట్ పరీక్షలోనూ ఇదే ఉంటుంది కాబట్టి, అది రాయబోయేవాళ్లు ఎలాగూ చెయ్యి అలవాటు చేసుకోవాలి.

వై = ఎంఎక్స్ + సి అని కొట్టగానే స్లైడర్లు (జరిపితే విలువ మారే మీటలు) కావాలా అని అడుగుతుంది. 'ఆల్' నొక్కండి. సి ని 4 దగ్గర ఉంచి ఎం ఒక్కటే జరపండి. (0, 4) దగ్గర మేకు కొట్టినట్టు గీత అక్కడే ఆగి చుట్టూ తిరుగుతుంది. చాలామంది అది మూలబిందువు చుట్టూ తిరుగుతుందనుకుంటారు. ఎక్స్-అంతరఖండం, అంటే గీత ఎక్స్-అక్షాన్ని తాకే చోటు, మాత్రం రెండు స్లైడర్లకీ కదులుతుంది, ఎందుకంటే అది -సి/ఎం. ఎం 2 అయితే -2, ఎం 0.1 అయితే -40, అంటే తెర బయటే. ఎం సున్నా అయితే అసలు ఉండదు.

ఇంకోటి గమనించండి. ఎం 1 నుంచి 2కి వెళ్తే గీత 45 డిగ్రీల నుంచి 63 దాటుతుంది. 9 నుంచి 10కి వెళ్తే అర డిగ్రీ పైచిలుకు, అంతే. వాలు కోణం కాదు, కోణానికి టాన్ అని ఇంతకంటే తేలిగ్గా చూపించడం బోర్డు మీద కష్టం. నిలువు గీత మాత్రం ఈ స్లైడర్‌తో ఎన్నటికీ రాదు; ఎక్స్ = 3 అని విడిగా కొట్టాలి.

ఇక తిప్పలు. 1/2ఎక్స్ అని గబగబా కొడితే 2ఎక్స్ మొత్తం హారంలోకి పోయి, గీత బదులు వంపు వస్తుంది. 2 తర్వాత కుడి బాణం నొక్కి హారంలోంచి బయటికి రావాలి.

అసలు మోసం స్కేలుది. 1000 లీటర్ల ట్యాంకులోంచి నిమిషానికి 25 లీటర్లు పోతుంటే వై = 1000 - 25ఎక్స్. కొట్టగానే తెర ఖాళీ, ఎందుకంటే మొదట కనబడేది సుమారు -10 నుంచి 10 వరకే. రెంచి గుర్తు నొక్కి ఎక్స్ 0 నుంచి 50, వై 0 నుంచి 1100 పెట్టండి. గీత వస్తుంది, 40వ నిమిషం దగ్గర ట్యాంకు ఖాళీ అవుతుంది. కానీ చూపుకి దాని వాలు -1కి దగ్గరగా కనిపిస్తుంది, ఉన్నది -25. స్కేళ్లు వేరైనప్పుడు వై = 2ఎక్స్, వై = -ఎక్స్/2 కూడా లంబంగా కనబడవు. కంటిని నమ్మకుండా అక్షాల మీది అంకెలు చదివించాలి.

3ఎక్స్ - 4వై = 12 ని ఉన్నదున్నట్టే తీసుకోవడం సౌకర్యమే గానీ, వాలు ఎంతో ఎక్కడా రాయదు. గీతని నొక్కితే (4, 0), (0, -3) చూపిస్తుంది. కుడికి 4, పైకి 3 లెక్కపెట్టి 3/4 అని పిల్లలే రాయాలి. వై-అంతరఖండం -3, అది పొడవు కాదు, మైనస్ గుర్తు వదిలేస్తే మార్కు పోతుంది. 4/3 లాంటి అంతరఖండాలని 1.333 అని దశాంశంలో చూపించడం ఇంకో చిరాకు. మన పేపర్లో భిన్నమే రాయాలి.